జత కలిసిన రెక్కలు

మనానార నుంచి

బకూలి అక్కకి,

నీ మూడు ఉత్తరాలకీ "అమ్మ రానంటోంది" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. ఎందుకు రానంటోందో దాచాను. వానలకి దారి మూసుకుపోకముందే అమ్మ కళ్ళు డాక్టరుకి చూపించాలని అక్కడ నువ్వు తొందరపడుతున్నావు. ఇక్కడ అమ్మ తలుపు తెరిచి గుమ్మంలో నాన్న కోసం కూర్చుంటోంది.

నాన్నని సమాధిలో పెట్టిన ఎనిమిదో రోజున, పట్టపగలు ఒక చిమ్మెట ఇంట్లోకి వచ్చి ఆయన టోపీ మీద వాలింది. నేను రెక్కలు అతికించి లాకెట్లు చేసే జాతే, నలుపు మీద పచ్చ, ఎరుపు, బంగారు చారలు. అమ్మ పోయిన పెద్దలకి పోసే ఈశాన్య మూలలో నాలుగు చుక్కలు రమ్ము పోసి, "వచ్చావా? ఏమన్నా తిన్నావా?" అని పలకరించింది. పోయినవాళ్ళు అలాగే వస్తారని వింటూ పెరిగినదాన్నే నేనూ. కానీ అక్కా, నా కళ్ళు చారల మీదే పడ్డాయి. ఈ చిమ్మెటలకి ఎడమ రెక్క చారలు కుడి రెక్కతో కలవవు. దీనికి కలిశాయి! అలాంటి జతతో లాకెట్టు కావాలని ఒక దొరసాని అప్పటికి నెలరోజులుగా నా ప్రాణం తీస్తోంది. అమ్మ నీళ్ళకి వెళ్ళగానే దాన్ని పట్టి, పురుగుల్ని చంపే మందు సీసాలో వేసేశాను.

"ఏడే?" అంది వచ్చి.

"ఎగిరిపోయాడమ్మా."

"చెప్పకుండా పోయే మనిషి కాడే. మళ్ళీ వస్తాడు. నేను లేకపోతే ఎలా?" అప్పట్నుంచీ ఇదే మాట. నాన్నని చంపిన చేత్తోనే ఆమెకి అన్నం పెడుతున్నాను. చెప్పేయనా?

తల ఎత్తలేని నీ చెల్లెలు,
సియూరి


అక్కా,

నీ జవాబు దాకా ఆగలేకపోయాను. నిన్న లవంగాలు ఆరబోస్తూ చెప్పేశాను. అమ్మ చెయ్యి కూడా ఆగలేదు.

"తెలుసులేవే. మర్నాడే నీ బల్ల మీద ఆ జత చూశాను. అప్పటికి నా కళ్ళు పనిచేస్తున్నాయిగా."

"మరి తిట్టలేదేం?"

"మీ నాన్న బతికుండగా ఓడెక్కలేదు. ఇప్పుడు దొరసాని మెడలో కూర్చుని సముద్రం దాటాడు. ఆయన బాగానే ఉన్నాడు."

నవ్వబోయి ఏడ్చాను. "అయితే ఇన్నాళ్ళూ గుమ్మంలో ఎవరి కోసం కూర్చున్నావమ్మా?"

"నీ కోసమే. ఇంత మాట కడుపులో దాచుకున్నదాన్ని ఒంటరిగా వదిలి ఎలా పోనే? నువ్వు నోరు విప్పాక కదులుదామనుకున్నా. ఇంత ఆలస్యం చేస్తావనుకోలేదు."

శనివారం పడవకి ఇద్దరం వస్తున్నాం. ఎడమ కంటికి వెలుతురు కూడా తెలియడం లేదని నిన్ననే బయటపెట్టింది. ఇన్నాళ్ళు ఎందుకు తీసుకురాలేదని డాక్టరు అడిగితే, అమ్మని జవాబు చెప్పనివ్వకు. నేను చెబుతాను.

నీ సియూరి