నెత్తురు గుంజే బల్బు

అమ్మమ్మా, తప్పులుంటే ఏమనుకోకు. అయిదు వరకే చదివాను. పొద్దంతా పసుపు ఉడకబెట్టిన చేతులు, అక్షరాలు వంకర పోతున్నాయి.

నువ్వు పోయి నేటికి ఏడాది. దండ వేయడానికి నీ ఫోటో లేదు. పీట మీద నీ చీర మడిచి పెట్టి, దానికే బొట్టు పెట్టాను.

"ఒక్క ఫోటో గూడ దిగలేదా?" అన్నారు మా మామయ్య, మా ఆయన వాళ్ల నాన్న. ఆయన ఒకప్పుడు ఆర్మూర్‌లో పెళ్లి ఫోటోలు తీసేవారు.

"కెమెరా మీద మెరిసే బల్బు మన నెత్తురు గుంజి నల్లబడ్తదని అమ్మమ్మకు భయం, మామయ్యా" అన్నాను తలుపు చాటు నుంచే.

ఆయన నవ్వలేదు. పాత పెట్టెలో మిగిలిన ఒక్క బల్బు తెచ్చారు. లోపల వెంట్రుకలంత సన్నని తీగ చిక్కుపడి ఉంది. బట్టతో పట్టుకుని బ్యాటరీకి తాకించారు. గదంతా తెల్లగా మెరిసింది. గాజు మసిబారి బొబ్బలెక్కింది.

"తీగ గాలింది బిడ్డా, నెత్తురు గాదు. ఒక్కసారే ఎలుగుతది. జర ముట్టకు, చెయ్యి గాలుతది. గంతే భయం."

అప్పుడు చూసుకున్నాను. నా అరచేయి పక్కన నిలబడ్డ నా బిడ్డ కళ్ల మీద ఉంది, జాతరలో కెమెరా కనబడితే నువ్వు నా కళ్లు మూసినట్టే.

"మీ అమ్మమ్మ గూడ గిట్లనేనా?" అన్నారు మామయ్య. తలూపాను.

ఈ కాగితం ఎవరికి దొరికినా పొయ్యిలో వేయండి. నాకు సిగ్గు.