తలుపు పక్కనే ఉండవలసిన తొట్టి

డయాసిస్ (చర్చిల మండలి) పురాతన కట్టడాల అధికారి గారి సముఖమునకు

విషయం: మార్ల్‌స్ట్రాండ్ గ్రామము, సెయింట్ బొటోల్ఫ్ చర్చిలోని రాతి బాప్తిస్మపు తొట్టిని సముద్రము పట్టుకుపోకముందే తరలించుట గురించి (నాలుగవ విన్నపము. మొదటి మూడూ తమ బల్ల మీదనే ఉండవలెను).

అయ్యా,

సదరు గ్రామ వాస్తవ్యురాలను, పీతలు ఉడికించి అమ్ముకొని బ్రతుకుదానను, హెస్టర్ ప్లమ్‌స్టెడ్ అను నేను తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. సదరు తొట్టి సుమారు ఆరు వందల సంవత్సరముల నాటిది. చుట్టూ పలకల మీద బొమ్మలు చెక్కబడియున్నవి. పూర్వము రాజు మతము మార్చి చర్చిలలో బొమ్మలు ఉండరాదన్న రోజులలో సుత్తులతో వచ్చినవారు ఆ బొమ్మల ముఖములన్నియు పగులగొట్టినారు. ఒక్క పలకలో తల్లి ఒడిలోని పసిబిడ్డ ముఖము మాత్రము మిగిలినది. ఎందుకు మిగిలినదో తమ శాఖ పుస్తకములలో లేదు. మా ఊరి ముసలి జాలరి సైలస్‌ను అడిగితే, "ఆ సుత్తి పట్టుకున్నోడికీ ఇంట్లో ఓ పిల్లాడు ఉండుంటాళ్లే" అన్నాడు. అంతకన్నా మంచి జవాబు నాకింతవరకు దొరకలేదు.

2. మా గట్టును సముద్రము ప్రతి శీతాకాలము కొంచెము కొంచెముగా తినుచున్నది. ముందు సమాధుల తోట పోయినది. ఒడ్డున దొరికిన ఎముకలు ఎవరివో తెలియక అందరము కలిసి ఒకే గోతిలో పూడ్చినాము. పోయిన జనవరిలో చర్చి ప్రధాన ద్వారమైన పడమటి తలుపు, దాని ముందరి వసారా పోయినవి. ఆ సందుకు చెక్కలు కొట్టినారు. ఇప్పుడు తొట్టికిని గట్టు అంచుకును నడుమ ఆ చెక్కలు, వాటి అవతల మంచము వేసుకొనునంత గడ్డి మాత్రమే ఉన్నవి.

3. నా మొదటి విన్నపమునకు తమరు దయచేసిన జవాబు: "బాప్తిస్మపు తొట్టి ప్రధాన ద్వారము సమీపముననే ఉండవలెను. విశ్వాసి సంఘములో ప్రవేశించుటకు అది గుర్తు. కనుక స్థలము మార్చుటకు వీలుపడదు."

అయ్యా, ద్వారము సముద్రములో ఉన్నది. తొట్టి ద్వారము పక్కనే ఉండవలెనన్న తమ నియమము త్వరలోనే అక్షరాలా నెరవేరును.

ఈ మాటే తమ ఆఫీసుకు ఫోను చేసి చెప్పినాను. ఎత్తిన అమ్మాయి మర్యాదస్తురాలే. "మీ బాధ అర్థమైందండీ. కానీ ఫైల్లో మాత్రం తలుపు ఉన్నట్టే ఉంది" అన్నది.

4. రెండవ విన్నపమునకు జవాబు: ఇంజనీరు వచ్చి చూచి నివేదిక ఇచ్చినగాని తొట్టి కదలరాదు. మూడవదానికి జవాబు: కట్టడము ప్రమాదకరముగా ఉన్నందున ఇంజనీరు లోపలికి రారాదు. ఈ రెండు కాగితములు పక్కపక్కన పెట్టి పాస్టరమ్మ ఫిలిప్పా గారికి చూపించినాను. ఆమె చదివి, నెత్తి పట్టుకొని, "టీ తాగుతారా హెస్టర్ గారూ?" అన్నది. మంచి మనిషే. చేయగలిగినది అంతే.

5. సైలస్ ఒక ఉపాయము చెప్పినాడు. "నువ్వు ఊ అను హెస్టరూ. పడవలు లాగే ట్రాక్టరుంది, తాళ్ళున్నాయి. పొద్దున్నే లాక్కొచ్చి నీ పెరట్లో దించేస్తాం. ఆఫీసోళ్ళడిగితే సముద్రం మింగేసిందని చెబుదాం. సముద్రాన్ని పట్టుకుని సంతకం పెట్టమంటారా ఏంటి?" పాస్టరమ్మ విని హడలిపోయినది. అనుమతి లేక కదిలించుట నేరమనియు, అది తన మెడకు చుట్టుకొనుననియు బ్రతిమాలినది. కనుక మానుకొన్నాము. చట్టమునకు లోబడినందుకు మా ఊరికి దక్కినది ఇదివరకు చెప్పిన ఆ మంచమంత గడ్డి.

6. ఇంత రాద్ధాంతము ఒక రాతి కోసమా అని తమకు తోచవచ్చును. మా వీధిలోనూ అనుచున్నారు. "వెళ్ళవే, నీ కుడితి తొట్టితో మాట్లాడుకో పో" అని పక్కింటావిడ నా ముఖము మీదే అన్నది.

నా కొడుకు జెత్రోకు ఆ తొట్టిలోనే బాప్తిస్మమైనది. మా వైపు నీళ్ళు పోయగానే బిడ్డ ఏడవాలి, ఏడిస్తే దయ్యము వదిలినట్టు. వీడు ఏడవలేదు. నవ్వినాడు. నీళ్ళు చిందించి ఆనాటి పాస్టరు గారి కళ్ళజోడు తడిపినాడు. మా అత్తగారు, "ఏడవడేమే వీడు? గిల్లు, గిల్లవే!" అని నా చెవిలో ఒకటే గోల. నేను గిల్లలేదు.

వాడు పెద్దవాడై పీతల బుట్టలు ఎత్తడానికి వెళ్ళినాడు. పడవ తిరిగి వచ్చినది. వాడు రాలేదు. సముద్రము వాడిని ఇప్పటికీ ఇవ్వలేదు. సమాధి రాయి వేయిద్దామంటే దాని కింద పెట్టడానికి మనిషి లేడు. ఈ భూమి మీద వాడిని ఎత్తి పట్టుకున్న రాయి అదొక్కటే. ప్రతి ఆదివారము తమరు కట్టించిన కంచె కింద నుంచి దూరి వెళ్ళి అందులో చెయ్యి పెట్టుకొని కాసేపు నిలబడుచున్నాను. లోపలికి వెళ్ళుట నిషిద్ధమని బోర్డు చదివియే వెళ్ళుచున్నాను.

కావున తమరు దయతలచి సదరు తొట్టిని గట్టుకు దూరముగా ఏ పాకలోనైనను, ఏ పశువుల కొట్టములోనైనను ఉంచుటకు ఉత్తర్వు ఇప్పించవలెను. తలుపు పక్కనే ఉండవలెనంటే పాక తలుపు పక్కనే పెట్టెదము.

చిత్తగించవలెను. తమకు తీరిక లేనియెడల ఈ నవంబరు గాలికి తీరిక ఉన్నది.

ఇట్లు,
తమ విధేయురాలు,
హెస్టర్ ప్లమ్‌స్టెడ్

తా.క. కవరు అంటించబోతుండగా మీ ఆఫీసు అమ్మాయి ఫోను చేసింది. పాపం, సంతోషంగానే చేసింది. "శుభవార్తండీ! అనుమతి వచ్చేసింది. నగరంలో మ్యూజియం వాళ్ళు తీసుకుంటున్నారు. క్రేను కూడా వాళ్ళదే. గాజు పెట్టెలో పెడతారట, ఎంత బాగుంటుందో!"

"గాజులో ఎందుకమ్మా?"

"ముఖం మిగిలిన పలక ఉంది కదండీ, చాలా అరుదట."

"నేను వస్తే చెయ్యి పెట్టనిస్తారా?"

"అయ్యో, ముట్టుకోకూడదండీ. చేతి చెమట రాయికి మంచిది కాదు."

"ఒక్కసారి? ఏడాదికి ఒక్కసారి?"

ఆ పిల్ల, "నన్ను క్షమించండమ్మా" అంది.

అయ్యా, పైన రాసినదంతా కొట్టేయండి. క్రేను పంపొద్దు. రాయిని ఉన్నచోటే వదిలేయండి. ఈ చలికాలం గడవదని సైలస్ అంటున్నాడు, గట్టు సంగతి అతనికి తెలుసు. అది వెళ్ళే చోట మా జెత్రో ఉన్నాడు. వాడిని ముట్టుకోవద్దనేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు.