బుడగలు ఆగేదాకా

ఖమ్మం,
సోమవారం

శోభకు, అక్కయ్య ఇంట్లో మంచం మీద వెల్లకిలా పడుకుని నీ బాబూరావు రాస్తున్నది.

గాలిదుమారానికి మన ఊరి సెల్ టవరు కూలిన నాటి నుంచి నీ గొంతు వినలేదు. అందుకే కండక్టర్ రాందాసు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. పొద్దున బస్సులో నీకు అందుతుంది. తిరుగు బస్సులో జవాబు పంపు.

కాలికి రెండో ఆపరేషన్ అయింది. ఇంకో ఆరు నెలలు క్లచ్ తొక్కొద్దన్నాడు డాక్టర్. ఆలోచించి ఆలోచించి, మన లారీ అమ్మేద్దామని నిశ్చయించుకున్నాను. నడపలేనివాడి ఇంటి ముందు లారీ ఎందుకు? చందూలాల్ అనే వ్యాపారి ఆదివారం చూడడానికి వస్తున్నాడు. "ఇంజన్ చప్పుడు వినాలె, అప్పుడే బేరం" అన్నాడు.

అది ఆరు నెలలుగా కదలని బండి. ట్యాంకులో డీజిల్ పాతబడి, జిగురు పట్టి, అడుగున నీళ్లు చేరి ఉంటాయి. అదంతా తీసేస్తే తప్ప స్టార్ట్ కాదు. మన మెకానిక్ మహబూబ్ అలీ బోనకల్‌లో పెళ్లికి పోయాడట. కాబట్టి నువ్వే చెయ్యాలి. భయపడకు. ట్యాంకు అడుగున బోల్టు ఉంటుంది. కింద గిన్నె పెట్టి విప్పు. పాతదంతా కారిపోయాక బోల్టు బిగించి, పది లీటర్ల కొత్త డీజిల్ పొయ్యి. ఫిల్టర్లు రెండూ విప్పి పక్కన పెట్టు. మిగతాది తర్వాత రాస్తాను.

ఇట్లు,
నువ్వు భయపడకుండా నీ వంతు కూడా భయపడుతున్న
బాబూరావు

తా.క.: అమ్మను చుట్ట కాలుస్తూ ఆ చుట్టుపక్కలకు రానియ్యకు.


మంగళవారం

ఏమండీ, మీకు శోభ నమస్కారాలు. వదినకు కూడా.

మీరు చెప్పినట్టే చేశాను. గిన్నె పెట్టమన్నారు, ఏ గిన్నె అన్నది రాయలేదు. అత్తమ్మ పాలగిన్నె పెట్టాను. అది నిండింది. తర్వాత అన్నం గిన్నె, తర్వాత రెండు బిందెలు. ఇంకా కారుతూనే ఉంది. "ఏందే పిల్లా, ఇంటిల్ల ఒక్క గిన్నె మిగల్చవా? నేను చాయ్ దేంట్ల తాగాలె, దోసిట్లనా?" అని అత్తమ్మ ఒకటే గోల. చుట్ట కూడా లేదు కదా, కోపం రెండింతలు.

వాసనకు పక్కింటి వెంకన్న మామ సీసా పట్టుకుని వచ్చాడు. "కోడలా, మా బర్రెకు గోమార్లు బట్టి నెత్తురు తాగుతున్నయ్. ఇంత పొయ్యరాదు?" అన్నాడు. పోశాను. మీకు కోపం లేదు కదా?

ఫిల్టర్లు విప్పాను. ఎంత మురికండీ! ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఉతికారా? కుంకుడు రసంలో నానబెట్టి, బండకేసి బాది, దండెం మీద ఆరేశాను.

కల్లంలో బీడీల తునికాకు కట్టలు అట్లనే ఉన్నాయి. లారీ దొరక్క, వాన పడి తడుస్తాయేమోనని ఊరంతా మబ్బుల వైపే చూస్తోంది.

ఇట్లు,
మీ శోభారాణి

తా.క.: ఒక ఫిల్టర్ తెల్లగా వచ్చింది. రెండోది చిరిగింది. కుట్టమంటారా?


బుధవారం

శోభా,

కుట్టకు!

నీ ఉత్తరం చదువుతుంటే అక్కయ్య వచ్చి బీపీ చూసింది. ఎంతో చెప్పలేదు. ఉత్తరం మాత్రం దాచిపెట్టింది.

ఫిల్టర్లు ఉతికేవి కావు. లోపల ఉండేది కాగితం. కొత్తవి రెండు రాందాసుతో పంపుతున్నాను, అవి బిగించు. ఇప్పుడు డీజిల్ పైపులో చేరిన గాలి తియ్యాలి. ఫిల్టర్ల పైన చిన్న బోల్టు, పక్కన చేతిపంపు ఉంటాయి. బోల్టు కొంచెం వదులు చేసి పంపు కొట్టు. మొదట బుడగలు బుడగలుగా డీజిల్ వస్తుంది. బుడగలు ఆగేదాకా కొట్టి, బోల్టు బిగించి, అప్పుడు తాళం తిప్పు. పది సెకన్లు మించవద్దు, బ్యాటరీ చచ్చిపోతుంది.

శోభా, నీకొక మాట చెప్పాలి. రోడ్డు మీద లారీ హారన్ వినబడితే దుప్పటి ముసుగేసుకుంటున్నాను. ఇంటికొచ్చాక రోజూ దాన్ని చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు. ఆదివారం అది వెళ్లిపోవాలి.

ఇట్లు,
బాబూరావు

తా.క.: కొంచెం వదులు అంటే పావు చుట్టు. బోల్టు చేతిలోకి రాకూడదు.


గురువారం

ఏమండీ, శోభ నమస్కరించి రాసేది.

బోల్టు చేతిలోకి రాలేదు. ఎగిరి గడ్డివాములో పడింది. వెంకన్న మామ, అత్తమ్మ, నేను గడ్డి మొత్తం దులిపాం. చివరికి దొరికింది.

తర్వాత పంపు కొట్టాను. బుడగలు ఆగేదాకా అన్నారు కదా, కొట్టాను, కొట్టాను. నా చెయ్యి పడిపోతే అత్తమ్మ కొట్టింది. మధ్యాహ్నానికి బుడగలు ఆగాయి. సంతోషపడి చూస్తే డీజిల్ కూడా ఆగింది. పది లీటర్లూ వాకిట్లో ఉన్నాయి.

అయినా తాళం తిప్పాను. గడియారం లేదు కాబట్టి సెకన్లు అత్తమ్మ లెక్కపెట్టింది. ఆమెకు ఏడు తర్వాత మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టే అలవాటు ఉందని నాకు తెలియదు. ఇప్పుడు హారన్ కూడా మోగడం లేదు.

ఇట్లు,
మీ శోభారాణి

తా.క.: వాకిట్లోకి కోళ్లు రావడం మానేశాయి. ఊడ్చే పని తప్పింది.


శుక్రవారం

శోభా,

దేన్నీ ముట్టకు. దూరంగా నిలబడు. ఇంకా దూరంగా.

చందూలాల్‌ను ఆపుదామంటే అతను అప్పుడే కొత్తగూడెం పోయాడు, ఫోను ఎత్తడం లేదు. ఆదివారం వచ్చి చచ్చిన బండిని చూస్తాడు. టైర్లు కడుగు, అద్దం తుడువు, దండం పెట్టు. అంతకు మించి చెయ్యకు. సోమవారం కట్టుతోనే ఆటోలో పడుకుని వస్తాను. ఎవరేమన్నా ఆగను.

ఇట్లు,
బాబూరావు

తా.క.: అమ్మకు ఇంకెప్పుడూ లెక్కలు అప్పగించకు.


ఆదివారం

ఏమండీ, శోభ నమస్కారాలు. ఇది చదివే ముందు వదినను పక్కన కూర్చోమనండి.

చందూలాల్ వచ్చాడు. తాళం తిప్పాడు. బండి కిక్కురుమనలేదు. "గిది బండి గాదమ్మా, బీరువా. బట్టలు పెట్టుకోండ్రి" అని టైరును ఒక్క తన్ను తన్ని, కుంటుకుంటూ పోయాడు.

కిక్కురుమనదు మరి. అతను రాకముందే బ్యాటరీ వైరు నేను విప్పేశాను.

నిజం చెప్తాను. మంగళవారం మధ్యాహ్నానికే మన బండి స్టార్ట్ అయింది. మహబూబ్ అలీ అన్న పెళ్లికి పోయేముందే ఫిల్టర్లు ఇచ్చి, పని మొత్తం చూపించి పోయాడు. పాత డీజిల్ డ్రమ్ములో భద్రంగా ఉంది. నేను ట్యాంకు కింద పడుకుని ఉండగా మీ ఉత్తరం వచ్చింది. అమ్మేద్దాం అన్న మాట చదివాక చాలాసేపు అక్కడే పడుకున్నాను.

వద్దంటే మీరు వింటారా? అందుకే అబద్ధాలు రాశాను. నాకు తట్టనప్పుడు అత్తమ్మ చెప్పింది. కోళ్ల మాట ఆమెదే.

నాలుగు నెలలుగా మహిళా సంఘం మీటింగులని చెప్పి నేను టేకులపల్లి పోయింది డ్రైవింగ్ నేర్చుకోవడానికి. ఏ సంఘంలోనైనా అన్ని మీటింగులు ఉంటాయా అండీ? లైసెన్స్ వచ్చింది. ఈ వారం కల్లంలో ఆకు మొత్తం వాన పడకముందే గోదాముకు చేర్చాను, నాలుగు ట్రిప్పులు. మొదటి ట్రిప్పులో వెంకన్న మామ దేవుళ్లందరినీ పేరు పేరునా పిలిచాడు. నాలుగో ట్రిప్పులో గుర్రు పెట్టి నిద్రపోయాడు.

మీరు దుప్పటి ముసుగేసుకునే మాట మాత్రం అత్తమ్మకు చదివి వినిపించలేదు. ఆ రోజు మీకు అబద్ధం రాయాలంటే చెయ్యి ఆడలేదు. అయినా రాశాను. బండి పోతే మీరు కాలు బాగయ్యాక కూడా మంచం దిగరని నా భయం. ఆరు నెలలు క్లచ్ నేను తొక్కుతాను. మీరు పక్కన కూర్చుని తప్పులు పట్టండి.

ఇట్లు,
మీ డ్రైవర్
శోభారాణి

తా.క.: ఆటో మాట్లాడకండి. ఈ ఉత్తరం వదిన చేతికి ఇచ్చింది రాందాసు కాదు, నేనే. బండి మీ మేడ కింద సందులో ఉంది. ముందుకు నడపడం బాగా వచ్చింది, వెనక్కి తియ్యడం ఇంకా సరిగ్గా రాలేదు. జల్దీ కిటికీ దగ్గరికి వచ్చి, ఎదురింటి గోడ ఎంత దూరం ఉందో కేక వేసి చెప్పండి.