ఊదినా ఆరని రంగు

మంగళవారం, దిల్‌సుఖ్‌నగర్

బోర్డులు రాసే నా పొట్ట మీద కొట్టింది ఫ్లెక్సు. ఆ ఫ్లెక్సులు డిజైన్ చేసే సునీతే మా ఇంటి కోడలైంది. ఈరోజు ఆ పిల్ల తన టాబ్లెట్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"మామా, ఎల్‌బీ నగర్ టిఫిన్ సెంటరోళ్లు చేతిరాత బోర్డే కావాలంటున్నరు. నువ్వే రాయాలె."

చెయ్యి వణుకుతోందని కుంచె పక్కన పెట్టేసినవాణ్ణి. అయినా ఆశ చావక పెన్ను పట్టాను. ఎర్ర రంగుతో "ఇడ్లీ" అని రాసి, పసుపు అంచు వేసే ముందు అలవాటు కొద్దీ ఊదుతూ కూర్చున్నాను. తడి మీద వేస్తే రంగు పాకిపోతుంది కదా!

"జర ఆగు మామా! అద్దం మీద ఊదుతున్నవేంది? గీడ రంగు తడుండదు!" అని పడీ పడీ నవ్వింది.

నేను మాత్రం అక్షరాన్నే చూస్తున్నాను. గీతలో వణుకే లేదు. వణుకును టాబ్లెట్టే సర్దేస్తుందట. మనసు చివుక్కుమంది. మరి ఆ గీత నాదా, దానిదా?

అప్పుడు మలక్‌పేటలో మా ఉస్తాద్ గుర్తొచ్చాడు. ఆయన పెట్టే బిర్యానీ సంగతి మొదలుపెడితే ఈ పేజీ చాలదు. పెద్ద అక్షరాలకు చెయ్యి అదరకుండా మణికట్టు కింద కర్ర ఆనించడం ఆయనే నేర్పాడు. అక్షరం కర్ర రాసిందని ఎవరూ అనలేదే! రేపు మళ్లీ అనుమానం వస్తుందేమో గానీ, ఇవాళ్టికి ఆ గీత నాదే.

సాయంత్రానికి బోర్డంతా అయింది. చివరి చుక్క పెట్టి తలెత్తితే, సునీత వంగి తెర మీద ఊదుతోంది.

"ఆరిందా అమ్మా?" అన్నాను.

"ఇంకా జర తడున్నది మామా."