ఒకే గుండిగలో అన్నం

మంగళవారం, జమ్మలమడుగు

ప్రభువా, ఈరోజు నా తెలివి చూస్తే నాకే అసహ్యం వేస్తోంది.

ఫ్యాక్షన్ గొడవల్లో ఇళ్లు తగలబడి ఊరొదిలి పారిపోయి వచ్చిన రెండు వర్గాల ఆడవాళ్లూ, పిల్లలూ వారం నుంచి మా ప్రార్థన మందిరంలోనే ఉన్నారు. రెండు వర్గాల నాయకులూ చెరో బండి బియ్యం పంపారు, తమవాళ్లకే పెట్టాలని షరతు పెట్టి మరీ. నేను పంతానికి పోయి రెండూ కలిపి వండించాను.

"రెండు పార్టీలూ ఒకే గుండిగలో ఉడుకుతాండాయి మామా!" అని వంట చేసే దస్తగిరి నవ్వాడు. నాకు గర్వంగా అనిపించింది. మధ్యాహ్నం పంక్తి మధ్య నిలబడి, శత్రువుకు అన్నం పెట్టమన్న వాక్యం మీద గొంతు చించుకున్నాను. బియ్యం కలిపిన సంగతీ చాటుకున్నాను.

పంక్తిలో మనవరాలికి తినిపిస్తున్న ఓబుళమ్మ చెయ్యి ఆగిపోయింది. పిల్ల నోట్లో వేలు పెట్టి ముద్ద బయటికి తీసేసింది.

"నా కొడుకును నరికించినోని బియ్యమా అయ్యా ఇవి?"

"ఆకలికి పార్టీ ఏందమ్మా? తిను!" అని కసిరాను.

"శత్రువుకు పెట్టమన్నాడు మీ దేవుడు, సరే. వాడు పెడితే తినమని యాడ చెప్పినాడు?"

పిల్లను చంకనేసుకుని పెన్న ఏటి ఇసుకలోకి వెళ్లిపోయింది. ఇప్పటికీ తిరిగి రాలేదు. ఆ పిల్ల ఏం తిన్నదో...

ఇందాకటి నుంచి బైబిలు తిరగేస్తూనే ఉన్నాను. ఆమెకు చెప్పగలిగిన మాట ఒక్కటీ నా కంటికి ఆనడం లేదు.

వాళ్లిద్దరూ వెళ్లాక ఆ అన్నమే నేను మారు వడ్డించుకుని మరీ తిన్నాను.