అడవి బర్రె కొమ్ము

ఏమండీ,

రేపు మీ తద్దినం. ఇవాళ కాలేజీ పిల్ల ఒకతె వచ్చి మీ తాత దాచిన అడవి బర్రె కొమ్ము అడిగింది. మన అడవిలో అంతరించిన ఆ జాతిని, కొమ్ములోంచి ఏదో తీసి, ఊరి బర్రె కడుపున మళ్లీ పుట్టిస్తారట.

“పుట్టినంక ఏడ మేస్తది బిడ్డా? అడవి కొట్టి పామాయిల్ పెట్టిరి,” అన్నాను.

“గది మాకూ తెల్వదు అమ్మమ్మా. ముందుగాల కొమ్ము ఇయ్యండి, ఇంకెవరింట్ల దొరకలే.”

మీరుంటే సంబరపడేవారని తెచ్చిచ్చాను. పురుగు పడుతుందేమోనన్న భయంతో ఏటా పసుపు నీళ్లలో గంటసేపు మరగబెడుతున్నానని కూడా చెప్పాను.

ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. “గట్ల మరగబెడితే లోపల ఏం మిగలదు,” అని కొమ్ము మంచం మీద పెట్టి వెళ్లిపోయింది.

జాగ్రత్తగా చూసుకోమని నా చేతికిచ్చింది మీరే. మరగబెట్టకు అని ఒక్క మాట చెప్పినా బాగుండేది.