కేకులో దొరకని నాణెం

ఏథెన్స్,
శనివారం

చెల్లీ ఎవాంథియా,

అమ్మ ఫోన్ చేస్తే ఏమీ తెలియనట్టే మాట్లాడు. ఈ సంగతి నీకొక్కదానికే రాస్తున్నాను.

కొత్త సంవత్సరం కేకులో నాణెం నా ముక్కలోనే వచ్చింది. ఏడాది అదృష్టమంతా నాదే అనుకుని చూస్తే, అది యూరో కాదు, యూరో రాకముందు మన దేశంలో చెల్లిన పాత ద్రాక్మా. అమ్మకు ఈసారి ఏం తోచిందో మరి. యూరో పోయి ద్రాక్మా తిరిగి రాదని, బ్యాంకుల్లో డబ్బుకు భయం లేదని రోజూ టీవీలో చెప్పేవాణ్ణి నేను. ఎదురుగా పక్కింటి స్టామాటిస్ కుటుంబమంతా కూర్చుని ఉంది. వాళ్ల కంట పడితే వీధంతా బెదిరిపోతుందని నాణేన్ని గుప్పిట్లో దాచేశాను.

"పెట్టడం మరిచిపోయావేమో పెద్దమ్మా," అని స్టామాటిస్ నవ్వాడు.

"ఈ చేత్తోనే పెట్టాను నాయనా," అంటూ అమ్మ మిగిలిన కేకంతా చిదిమి వెతికింది. అప్పుడైనా చెప్పాల్సింది. నాణేన్ని కోటు జేబులోకి జార్చాను.

నిన్న బ్యాంకు తెరవగానే అమ్మ తన డబ్బంతా తీసేసుకుంది. ఆమె వెనకే వరుసలో స్టామాటిస్, మన బిల్డింగు వాళ్లందరూ. రోజూ నేను చెప్పేది వినడం లేదా అని అమ్మను అడిగాను.

"నువ్వు చెప్పేది నిజమేలేరా. కానీ నా వంటింట్లో నా చేత్తో పెట్టిందే మాయమైపోయింది. బ్యాంకులో పెట్టింది ఉంటుందని ఎట్లా నమ్మమంటావు?"

ఇంకో గంటలో స్టూడియోలో ఉండాలి. జనం బ్యాంకుల మీద ఎందుకు ఎగబడుతున్నారో ఈరోజు నన్నే వివరించమన్నారు. నాణెం ఇంకా నా కోటు జేబులోనే ఉంది.

నీ అన్నయ్య